ఆపేసిన మాత్ర

"నెల తప్పింది" అంటే అందరికీ తెలిసిన అర్థం ఒకటే. ఆ మాట వినగానే ఇంట్లో ముఖాలు వెలుగుతాయి. నాకు మాత్రం పదహారో ఏటి నుంచీ నెలలు తప్పుతూనే ఉన్నాయి. ఒకసారి 45 రోజులకు, ఒకసారి 60 రోజులకు వచ్చేది. ఒక్కోసారి మూడు నెలలు గడిచినా జాడ ఉండేది కాదు. అందుకే పెళ్లయిన రెండేళ్లకు నిజంగానే నెల తప్పినప్పుడు నాకు వెంటనే అనుమానం కూడా రాలేదు. 48వ రోజున, మా ఆయన పట్టుబట్టాక పరీక్ష చేసుకుంటే రెండు గీతలు కనిపించాయి.

ఆ రాత్రి నేను చేసిన ఒక పని గురించే ఇదంతా రాస్తున్నాను. పడుకునే ముందు రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ఆ రాత్రి వేసుకోలేదు. ఎవరినీ అడగలేదు. షుగరు జబ్బుకు ఇచ్చే మందు కడుపులో బిడ్డకు మంచిది కాదేమో అని భయపడ్డాను. పది మాత్రల పట్టీలో నాలుగు మిగిలాయి. దాన్ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టేశాను. మూడు వారాల తర్వాత ఆ నాలుగు మాత్రలూ నా మీద నేరం మోపడం మొదలుపెట్టాయి.

అసలు ఆ మాత్ర నాకెందుకు రాశారో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు. పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అన్న పేరు 24వ ఏట విన్నాను. గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, రాని నెలసరి. స్కానులో అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నాయన్నారు. బుడగలు అనగానే వాటిని తీసేస్తే సరిపోతుందనుకున్నాను. అవి బుడగలు కావని, ఎదగడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన అండాల గూళ్లని చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. 2003లో రాటర్‌డామ్‌లో నిపుణులు కలిసి ఈ సమస్యను గుర్తించడానికి ఒక పద్ధతి పెట్టారు. నెలసరి సక్రమంగా రాకపోవడం, పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువగా ఉండటం, స్కానులో అండాశయాలు అలా కనిపించడం, ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా పీసీఓఎస్ అన్నట్టే. అయితే అదే పోలికతో ఉండే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) వంటి వేరే సమస్యలు లేవని ముందు తేల్చుకోవాలి. నాకు మూడూ ఉన్నాయి.

పీసీఓఎస్ ఉన్న మాలో చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. దాంతో శరీరం మరింత ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల్ని పురుష హార్మోన్లు మరిన్ని చేసేలా పురికొల్పుతుంది. దాంతో అండం ఎదగదు, విడుదల కాదు, నెలసరి రాదు. మెట్‌ఫార్మిన్ ఈ గొలుసును మొదటి లంకె దగ్గర కొంచెం వదులు చేస్తుంది. షుగరు లేని నాకు షుగరు మందు ఎందుకు రాశారో ఈ అయిదు వాక్యాల్లో ఎవరైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేనూ అడగలేదు.

మొదటి స్కాను రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆఖరి నెలసరి తేదీ అడిగి లెక్క వేసి 8 వారాల 1 రోజు అని కాగితం మీద రాసుకున్నారు. తెర మీద నల్లటి చిన్న సంచి, దాని లోపల సన్నటి తెల్లని ఉంగరం లాంటిది కనిపించాయి. అంతే. స్కాను చేస్తున్న ఆమె కొలతలు తీసుకుంటూ తెరను మెల్లగా తనవైపు తిప్పుకుంది. ఆ తిప్పడంలోనే నాకు అర్థమైపోయింది. సంచి 11 మిల్లీమీటర్లు, పిండం లేదు, 8 వారాలకు ఉండాల్సిన ఎదుగుదల లేదు. రేపే వచ్చి శుభ్రం చేయించుకోండి అన్నారు.

ఆ మాటకు మేమిద్దరం తల ఊపి బయటికి వచ్చేశాం. ఆ సాయంత్రం అమ్మ ఫోనులో, "ఎంత తొందరైనా ఇంకో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు తల్లీ" అంది. ఆ ఒక్క మాట వల్లే రెండో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం.

ఆమె నా రిపోర్టు చూడకముందే నెలసరి ఎన్ని రోజులకు వస్తుందని అడిగారు. ఈ మధ్య 45 రోజులకన్నాను. "అయితే ఈ 8 వారాల లెక్క మీది కాదమ్మా" అన్నారు. ఆఖరి నెలసరి తేదీ నుంచి వారాలు లెక్కించే పద్ధతి 28 రోజులకు నెలసరి వచ్చి, 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలయ్యేవాళ్లకు సరిపోతుంది. 45 రోజుల చక్రంలో అండం 31వ రోజు దగ్గర విడుదలై ఉండవచ్చు. అంటే నా గర్భం వయసు 8 వారాలు కాదు, 6 వారాలు కూడా నిండలేదు. ఆ వయసుకు సంచి, దానిలో పిండానికి తొలి ఆహారం అందించే ఆ ఉంగరం కనిపించడం సరైనదే. పిండం కనిపించకుండా సంచి 25 మిల్లీమీటర్లు దాటినప్పుడో, పిండం 7 మిల్లీమీటర్లకు చేరినా గుండె కదలిక లేనప్పుడో మాత్రమే ఒక్క స్కానుతో గర్భం పోయిందని ఖాయంగా చెప్పాలట. నాకు ఆ రెండూ వర్తించవు. రెండు వారాలు ఆగి మళ్లీ చూద్దామన్నారు.

పీసీఓఎస్ ఉన్న ప్రతి స్త్రీకీ ఈ సంగతి మొదటి స్కానుకు ముందే తెలియాలి. ఇది నేను గట్టిగా నమ్ముతాను. మీ నెలసరి చక్రం పొడుగైతే ఆ మాట మీరే ముందు చెప్పండి. లెక్క తప్పినంత మాత్రాన బతికి ఉన్న గర్భాన్ని తీసేయించుకునే ప్రమాదం ఎవరికీ రాకూడదు.

పద్నాలుగు రోజులు ఆశతో గడిపాను. రెండో స్కానులో పిండం కనిపించింది. 8 మిల్లీమీటర్లు ఉంది. గుండె కదలిక లేదు. ఈసారి డాక్టరు గారు తెరను తిప్పలేదు. నా చేయి పట్టుకుని, అక్కడ చూపించి, "ఇక్కడ కదలిక కనిపించాలమ్మా, లేదు" అని చెప్పారు. ఆ రెండు వారాలు వృథాగా బాధపెట్టాయని మా బంధువులు కొందరు అన్నారు. నాకు అలా అనిపించలేదు. తొందరపడి బిడ్డను పోగొట్టుకున్నానేమో అన్న అనుమానం నాకు జీవితంలో ఎప్పుడూ రాదు. ఆ నిశ్చయం కోసం పద్నాలుగు రోజులు ఎక్కువేమీ కాదు.

దానంతట అదే పడిపోయేదాకా ఆగవచ్చు, మందులతో పడిపోయేలా చేయవచ్చు, లేదా చిన్న ప్రక్రియతో తీయవచ్చు అన్నారు. నేను మందులు ఎంచుకున్నాను. మొదట మిఫెప్రిస్టోన్, మర్నాడు మిసోప్రోస్టాల్. నొప్పి గురించి ముందే చెప్పారు గానీ అంత ఉంటుందనుకోలేదు. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతూ, అలా వరసగా రెండు గంటలు సాగితే ఆలస్యం చేయకుండా వచ్చేయమన్నారు. మా ఆయన గడియారం చూస్తూ కాగితం మీద గీతలు పెడుతూ రాత్రంతా కూర్చున్నారు. తెల్లవారుజామున అంతా అయిపోయింది.

తర్వాత చాలా రోజులు నేను బీరువా దగ్గరికి వెళ్లి ఆ పట్టీ తీసి చూసేదాన్ని. మాత్ర ఆపాను, బిడ్డ పోయింది. ఒకదాని వెనక ఒకటి జరిగాయి కాబట్టి ఒకదాని వల్లే రెండోది జరిగిందని నా మనసు తీర్పు చెప్పేసింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మూడో వారం డాక్టరు గారి దగ్గర కూర్చున్నప్పుడు ఆ పట్టీ తీసి బల్ల మీద పెట్టి ఏడ్చాను.

ఆమె నన్ను ఏడవనిచ్చారు. తర్వాత చెప్పిన మాటల్లో ముఖ్యమైనవి ఇంటికి వచ్చి రాసి పెట్టుకున్నాను. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగానికి కారణం క్రోమోజోముల్లో తేడా. అది అండం, వీర్యకణం కలిసే సమయానికే దాదాపు తేలిపోయి ఉంటుంది. మాత్రలు దాన్ని మార్చలేవు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు గర్భస్రావం ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువే. అందులో బరువుకు, ఇన్సులిన్ తేడాకు కొంత వాటా ఉంది. "మీ బిడ్డ ఏ కారణంతో పోయిందో నేను చెప్పలేను. కానీ మీరు మాత్ర ఆపినందుకే పోయిందని చెప్పడానికి కూడా ఎవరి దగ్గరా ఆధారం లేదు" అన్నారు. అడగకుండా ఆపడం మాత్రం తప్పేనని, వేరే జబ్బుకు వేరే మందు అయితే అది ప్రమాదమయ్యేదని కూడా అన్నారు. ఆ రెండూ విడివిడిగా చెప్పినందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మెట్‌ఫార్మిన్ గురించి నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపికగా బదులిచ్చారు. 2000 ప్రాంతంలో వచ్చిన కొన్ని చిన్న అధ్యయనాల్లో ఈ మందు గర్భస్రావాలను బాగా తగ్గిస్తుందన్న ఆశ కలిగింది. చాలామంది డాక్టర్లు గర్భం అంతటా కొనసాగించడం మొదలుపెట్టారు. తర్వాత నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్‌లలో పీసీఓఎస్ ఉన్న 487 మంది గర్భిణుల్ని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రోజుకు 2 గ్రాముల మెట్‌ఫార్మిన్, ఇంకో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. గర్భధారణ మధుమేహం రెండు జట్లలోనూ సుమారు నాలుగో వంతు మందికి వచ్చింది, మందు దాన్ని ఆపలేదు. ఆలస్యంగా జరిగే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు కావడం, ఈ రెండూ కలిపి చూస్తే మందు వాడినవాళ్లలో 5 శాతం, వాడనివాళ్లలో 10 శాతం. తేడా పెద్దదిగానే కనిపిస్తుంది గానీ అది కాకతాళీయం కాదని తేల్చేంత బలం ఆ అంకెలకు లేకపోయింది. పైగా ఆ స్త్రీలను బతికి ఉన్న పిండం స్కానులో కనిపించాకే చేర్చుకున్నారు కాబట్టి, నాలా తొలి వారాల్లోనే పోగొట్టుకునేవాళ్ల గురించి ఆ అధ్యయనం పెద్దగా ఏమీ చెప్పలేదు. ఇంకో సంగతి, ఈ మందు మాయను దాటి బిడ్డకు చేరుతుంది. దానివల్ల అవయవ లోపాలు వస్తాయని కనబడలేదు గానీ, అంతకుముందు ఇలాంటి అధ్యయనాల్లో పుట్టిన పిల్లల్ని ఎనిమిదో ఏట చూస్తే మందు వాడిన తల్లుల పిల్లలు కొంచెం ఎక్కువ బరువున్నారు.

ఆ రోజే ఇంకో మందు సంగతి తెలిసి వణికిపోయాను. గడ్డం మీద వెంట్రుకలకని పెళ్లికి ముందు నేను ఏడాది పాటు స్పైరోనోలాక్టోన్ వాడాను. అది పురుష హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదలకే ముప్పు. గర్భం రాకుండా జాగ్రత్త పడుతూనే వాడాలి, బిడ్డ కావాలనుకుంటే ముందే మానేయాలి. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ అంతకన్నా ప్రమాదం. అది ఆపాక కనీసం ఒక నెల గడిచేదాకా గర్భం రాకూడదు. నేను భయపడి ఆపిన మెట్‌ఫార్మిన్ వీటితో పోలిస్తే ఎంతో సాధువు. నిజంగా భయపడాల్సిన మందును ఏడాది పాటు ఏమీ తెలియకుండా మింగాను. అప్పటి నుంచి ఏ చీటీ చేతికిచ్చినా, ఒక్కో పేరు మీద వేలు పెట్టి, "ఈ మాత్ర దేనికి? గర్భం వస్తే ఏం చేయాలి?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. కొందరు విసుక్కున్నారు. విసుక్కున్నా సరే అడిగాను.

తర్వాతి ఎనిమిది నెలలు ఒళ్లు సరిచేసుకోవడానికే ఇచ్చాను. థైరాయిడ్, షుగరు, బి12 పరీక్షలు చేశారు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గుతుందట, నాకు తగ్గింది కూడా. రోజూ నడిచి నాలుగు కిలోలు తగ్గాను. ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందే మొదలుపెట్టాను. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది. నాలాంటివాళ్లకు గర్భమని తెలిసేలోపే ఆ గడువు ముగిసిపోతుంది.

అండం విడుదలకు లెట్రజోల్ ఇచ్చారు. ఇది రొమ్ము క్యాన్సర్ మందు అని పట్టీ మీది కాగితంలో చదివి మళ్లీ గుండె జారింది, కానీ ఈసారి ఆపకుండా ఫోను చేసి అడిగాను. 2014లో పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద అమెరికాలో జరిగిన పరీక్షలో, అంతకుముందు అందరూ వాడే క్లోమిఫిన్‌తో 19.1 శాతం మందికి బిడ్డ పుడితే, లెట్రజోల్‌తో 27.5 శాతం మందికి పుట్టిందని చెప్పారు. అయిదు రోజులే వేసుకోవాలి, గర్భం నిలిచే నాటికి ఒంట్లో మిగలదు అన్నారు. మూడో నెలలో 15వ రోజు స్కానులో అండం గూడు 19 మిల్లీమీటర్లకు ఎదిగి కనిపించింది. నా జీవితంలో మొదటిసారి అండం ఏ రోజు విడుదలైందో నాకు తెలిసింది. ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టాను.

రెండు గీతలు మళ్లీ కనిపించాయి. గర్భం పోయాక మళ్లీ మొదలుపెట్టిన మెట్‌ఫార్మిన్ కొనసాగించాలని నేనే పట్టుబట్టాను. డాక్టరు గారు చాలాసేపు మాట్లాడారు. "మీకు షుగరు లేదు. అండం విడుదల కావడానికి ఇది సాయం చేయాల్సింది చేసింది. కావాలంటే రాస్తాను, కానీ ఇది బిడ్డను నిలబెడుతుందని మాట ఇవ్వలేను. ఇవ్వలేని మాట కోసం మందు మింగించడం నాకిష్టం లేదు" అన్నారు. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రాత్రి కూడా పట్టీలో మాత్రలు మిగిలాయి. వాటిని చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నప్పుడు వేళ్లు వణికాయి. మా ఆయన వాటిని నా చేతిలోంచి తీసుకుని, "ఈసారి మనం అడిగే ఆపాం" అన్నారు.

6 వారాల 4 రోజులకు గుండె కదలిక కనిపించింది. బియ్యపు గింజంత ఆకారంలో మిణుకుమిణుకుమనే చుక్క. నేను ఊపిరి బిగపట్టి చూస్తుంటే, "ఊపిరి తీసుకోండమ్మా, అది ఎక్కడికీ పోదు" అన్నారు.

సరిగ్గా అయిదు రోజులకు రక్తం కనిపించింది. ముదురు గోధుమ రంగులో మొదలై సాయంత్రానికి ఎర్రబడింది. స్కానులో బిడ్డ బాగానే ఉంది. గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్ ప్రొజెస్టరాన్ 400 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు యోనిలో పెట్టుకోవడానికి రాశారు. దేనికి అని అడిగాను. పీసీఓఎస్‌కు కాదన్నారు. బ్రిటన్‌లో తొలి వారాల్లో రక్తస్రావమైన 4,153 మంది మీద చేసిన పరీక్ష 2019లో వచ్చింది. మొత్తం మీద చూస్తే బిడ్డ పుట్టినవాళ్లు ప్రొజెస్టరాన్ వాడినవాళ్లలో 75 శాతం, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 72 శాతం, అంటే పెద్ద తేడా లేదు. కానీ అంతకుముందు గర్భస్రావం అయినవాళ్లలో, ముఖ్యంగా మూడు అంతకంటే ఎక్కువసార్లు పోయినవాళ్లలో మేలు కనిపించింది. ఆ తర్వాతే అక్కడ రక్తస్రావం, ముందొక గర్భస్రావం రెండూ ఉన్నవాళ్లకు 16 వారాలు నిండేదాకా ఇవ్వమని మార్గదర్శకాలు చెప్పాయి. నాకు రెండూ ఉన్నాయి. రక్తస్రావం లేకుండా, ముందు జాగ్రత్త పేరుతో అందరికీ ఇవ్వడానికి ఆధారం లేదని కూడా చెప్పారు. నాలుగు రోజులకు రక్తం ఆగింది. మందు వల్లనా, దానంతట అదేనా? నాకు తెలియాల్సిన అవసరం కూడా అప్పుడు కనిపించలేదు.

మధ్య నెలలు కొంత తేలిగ్గా గడిచాయి. 25వ వారంలో 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్షలో పరగడుపున 97, గంటకు 188, రెండు గంటలకు 149 వచ్చాయి. హద్దులు 92, 180, 153. ఒక్కటి దాటినా గర్భధారణ మధుమేహమే, నాకు రెండు దాటాయి. రెండు వారాలు ఆహారం మార్చి, తిన్నాక నడిచి చూశాను. పగటి అంకెలు దిగాయి, పరగడుపుది మాత్రం దిగలేదు. అప్పుడు డాక్టరు గారు చీటీ మీద ఒక పేరు రాసి నా వైపు తిప్పారు. మెట్‌ఫార్మిన్.

నేను అడగకముందే ఆమే చెప్పారు. "ఈసారి ఇది మీ షుగరుకు. దీని పని అయిందో కాలేదో మీరే ఇంట్లో కొలిచి చూసుకోగలరు." 2008లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన పరీక్షలో గర్భధారణ మధుమేహానికి ఈ మందు వాడినవాళ్లలో దాదాపు సగం మందికి తర్వాత ఇన్సులిన్ కూడా కలపాల్సి వచ్చిందని, నాకూ అవసరం పడితే బెంగపడవద్దని అన్నారు. అవసరం పడలేదు. ఆపినప్పుడు వణికిన చేత్తోనే రోజూ పొద్దున్నే వేలి కొన మీద సూది గుచ్చుకుని, అంకె చూసి పుస్తకంలో రాసేదాన్ని. 94. 91. 89.

38 వారాల 5 రోజులకు పాప పుట్టింది. పుట్టగానే దాని పాదం నుంచి ఒక చుక్క తీసి షుగరు చూశారు, బాగానే ఉంది. మొదటి రెండు రోజులు నేను నిద్రపోకుండా దాని గుండె మీద చేయి పెట్టుకుని పడుకున్నాను.

కాన్పు అయ్యాక ఎనిమిదో వారంలో మళ్లీ గ్లూకోజు పరీక్ష చేశారు, మామూలుగా వచ్చింది. చిన్నపిల్లతో ఉన్నప్పుడు ఈ పరీక్ష వాయిదా వేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. వేయవద్దు. గర్భంలో షుగరు వచ్చినవాళ్లకు, అందులోనూ పీసీఓఎస్ ఉన్నవాళ్లకు, తర్వాత నిజం షుగరు వచ్చే ముప్పు ఎక్కువ. పాలిస్తూనే చేయించుకోవచ్చు.

ఆ పాత పట్టీని చీరల కింద నుంచి తీసి మందుల దుకాణంలో ఇచ్చేశాను. పాపకు పది నెలలప్పుడు నెలసరి మళ్లీ మొదలైంది. మొదటి వ్యవధి 52 రోజులు. పీసీఓఎస్ ఎక్కడికీ పోలేదు. వచ్చే నెల డాక్టరు గారిని కలవాలి. అడగాల్సినవి కాగితం మీద రాసుకున్నాను. మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలుపెట్టాలా? దేనికి? ఎంతకాలం? పాలు తాగే పాపకు పరవాలేదా? కాగితంలో ఇంకా కొంచెం చోటు ఉంది.